చిన్న లెన్సు, పెద్ద పరీక్ష

అరవై మెగాపిక్సెళ్ల కెమెరాకు చేతితో ఫోకస్ చేసే చిన్న లెన్సును ఎంచుకోవడం ఎలా? ముఖలింగం శిల్పాలు, శ్రీకూర్మం కుడ్యచిత్రాలు, పొందూరు నూలు, విజయనగరం సిరిమాను ఉత్సవం సాక్షిగా ఒక పరిశీలన

డిజిటల్ కెమెరాలో పిక్సెళ్లు పెరిగినకొద్దీ లెన్సు మీద భారం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ, వాస్తవంలో జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. 2012లో నికాన్ డి800 కెమెరా 36 మెగాపిక్సెళ్ల సెన్సర్‌తో మార్కెట్లోకి వచ్చినప్పుడు ఊపందుకున్న పోటీ, 2019లో సోనీ ఏ7ఆర్ 4, 2022లో లైకా ఎం11 వచ్చేనాటికి 60 మెగాపిక్సెళ్ల మైలురాయిని చేరింది. సోనీ కెమెరాలో 35.7 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సర్ మీద 9,504 పిక్సెళ్లు వరుస కట్టి ఉంటాయి. అంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు, మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగు కూడా లేనంత. ఫిల్మ్ రోజుల్లో రేణువుల మాటున దాగిపోయిన లెన్సు లోపం ప్రతిదీ ఇంత సన్నని గళ్ల మీద విడివిడిగా కనబడుతుంది.

ఈ విషయం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఛాయాగ్రాహకులకు మరీ దగ్గరిది. ఇక్కడ తీయదగ్గ వస్తువుల్లో చాలావరకు కదలనివి, సన్నని పనితనం గలవి, చాలీచాలని వెలుగులో ఉండేవి. వంశధార ఒడ్డున ముఖలింగంలోని మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాల చెక్కడాలు, శ్రీకూర్మం ఆలయ గోడల మీది పాతచిత్రాలు, అక్కడి స్తంభాల మీది శాసనాక్షరాలు, బొబ్బిలిలో పనసకర్రను తొలిచి వీణ చేసే కార్ఖానాలు, పొందూరు మగ్గాలు, బుడితి కంచు పాత్రలు ఆ కోవలోవే. పరుగెత్తే ఆటగాణ్ణి వెంటాడే మోటారు ఫోకస్ వీటికి అక్కర్లేదు. స్థిమితంగా చూసి, చేతితో ఫోకస్ కుదుర్చుకొని, స్పష్టంగా నమోదు చేసే చిన్న లెన్సు చాలు. అయితే ఆ చిన్న లెన్సు ఎలాంటిదై ఉండాలన్నదే అసలు ప్రశ్న.

లెన్సు చిన్నది కావడానికి చెల్లించే మూల్యం

లెన్సు పరిమాణాన్ని ముందుగా నిర్ణయించేది దాని అపర్చర్, అంటే వెలుగును లోపలికి అనుమతించే రంధ్రం. నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్‌ను) ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఆ రంధ్రం వ్యాసం వస్తుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.2 లెన్సుకు దాదాపు 42 మిల్లీమీటర్ల ద్వారం కావాలి. అదే ఎఫ్/2 అయితే 25 మిల్లీమీటర్లు సరిపోతుంది. ద్వారం పెరిగినకొద్దీ గాజు పెద్దదవుతుంది, అంచుల నుంచి వచ్చే కిరణాలను దారిలో పెట్టడానికి అదనపు గాజు పలకలు కావలసి వస్తాయి, వాటిని కదిపే మోటారు కూడా బలమైనదై ఉండాలి. సోనీ 50 ఎఫ్/1.2 లెన్సు బరువు 778 గ్రాములుండగా, జపాన్‌లోని కోసినా సంస్థ ఫోక్ట్‌లెండర్ పేరుతో తయారుచేసే 50 ఎఫ్/2 అపో లాంథార్ బరువు 364 గ్రాములే కావడానికి కారణం ఇదే. రెండోదానిలో మోటారు లేదు, పెద్ద రంధ్రం లేదు. ఆ మిగులును తయారీదారు గాజు నాణ్యత మీద పెట్టగలిగాడు.

అయితే చేతి ఫోకస్ లెన్సులన్నీ చిన్నవే అనుకోవడం పొరపాటు. 2013లో వచ్చిన జైస్ ఓటస్ 55 ఎఫ్/1.4 చేతితో ఫోకస్ చేసేదే అయినా కిలో బరువుకు అటూఇటూగా ఉంటుంది. అలాగే చిన్న లెన్సులన్నీ చేతి ఫోకస్‌వే అనుకోవడమూ సరికాదు. 2021లో సోనీ తెచ్చిన 50 ఎఫ్/2.5 లెన్సు మోటారుతో సహా 174 గ్రాములే తూగుతుంది. కనుక బరువు ఒక్కటే చూసుకునేవారు చేతి ఫోకస్ జోలికి వెళ్లనవసరం లేదు. మరెందుకు ఎంచుకోవాలంటే కారణాలు మూడు. మొదటిది, మరచుట్టు మీద తిరిగే లోహపు ఫోకస్ రింగు చేతికి ఇచ్చే పట్టు, ఫలానా చోట ఆపితే అక్కడే నిలిచే నిలకడ. మోటారు లెన్సుల్లో రింగు తిప్పినప్పుడు చాలావరకు విద్యుత్ సంకేతమే వెళుతుంది, గాజు నేరుగా కదలదు. రెండోది, పాడైపోయే మోటారు, దానిని నడిపే సర్క్యూటు లేకపోవడం వల్ల దశాబ్దాల తరబడి మన్నే గుణం. మూడోది, దూరాల కొలత రింగు మీదే ముద్రించి ఉండడం వల్ల కంటికి కెమెరా ఆనించకముందే ఫోకస్ పెట్టుకోగల వెసులుబాటు.

సెన్సర్ ముందున్న గాజును మరవరాదు

కొనేవారిలో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఒకటుంది. డిజిటల్ సెన్సర్ మీద నేరుగా వెలుగు పడదు. దానికి ముందు పరారుణ కాంతిని ఆపే వడపోత గాజు, రక్షణ గాజు పొరలుగా ఉంటాయి. సోనీ కెమెరాల్లో వీటి మొత్తం మందం సుమారు 2 మిల్లీమీటర్లు. లైకా ఎం కెమెరాల్లో ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. లెన్సు నుంచి కిరణాలు నిటారుగా వచ్చి పడితే ఈ గాజు పెద్దగా చెరుపు చేయదు, ఏటవాలుగా వస్తే మాత్రం వాటిని పక్కకు జరుపుతుంది. ఆ జరుగుదల ఫొటో మధ్యలో సున్నా, మూలల్లో అత్యధికం. ఫలితంగా మూలలు సాగిపోయి, నూనె పూసినట్టు మసకబారతాయి.

ఫిల్మ్ కాలపు వైడ్ లెన్సుల్లో పేరుమోసిన బయోగాన్ తరహా నిర్మాణానికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. 1951 నాటి ఆ నమూనాలో వెనుక గాజు ఫిల్మ్‌కు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టే లెన్సు అంత చిన్నదైంది. అంత దగ్గర నుంచి మూలలకు చేరాల్సిన కిరణం ఏటవాలుగా పడక తప్పదు. ఫిల్మ్ మీద ముత్యంలా కనిపించిన 21 లేదా 28 మిల్లీమీటర్ల లైకా మౌంట్ లెన్సును సోనీ 61 మెగాపిక్సెళ్ల కెమెరాకు అడాప్టర్‌తో బిగిస్తే, మధ్యభాగం అద్భుతంగానూ మూలలు అధ్వానంగానూ రావడానికి కారణం లెన్సు చెడిపోవడం కాదు, అది ఊహించని గాజు దారికి అడ్డం రావడం. వెనుక నుంచి కాంతిని గ్రహించే కొత్త తరహా సెన్సర్లు మూలల్లో రంగు మారడాన్ని బాగా తగ్గించాయి గానీ, ఈ మసకను అవి తొలగించలేవు.

అందువల్ల మొదటి సూత్రం సులువుగానే తేలుతుంది. 35 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పైన లెన్సు కొనదలిస్తే ఆ కెమెరా సెన్సర్‌ను దృష్టిలో పెట్టుకొని, ఆ మౌంట్‌కే తయారుచేసినదాన్ని కొనాలి. సోనీ మౌంట్‌కు జైస్ 2014 నుంచి తెచ్చిన లోక్సియా వరుసలోని 21, 25, 35, 50, 85 మిల్లీమీటర్ల లెన్సులు, ఫోక్ట్‌లెండర్ వారి 21 ఎఫ్/3.5, 35 ఎఫ్/2, 50 ఎఫ్/2 లెన్సులు ఈ కోవకు చెందుతాయి. వీటికి వెనుక విద్యుత్ స్పర్శలు కూడా ఉన్నాయి. రింగు తిప్పగానే తెరమీద బొమ్మ దానంతటదే పెద్దదవుతుంది, నాభ్యంతరం ఎంతో కెమెరాకు తెలుస్తుంది కాబట్టి బాడీలోని కుదుపు నివారణ సరిగా పనిచేస్తుంది. స్పర్శలు లేని లెన్సు బిగించినప్పుడు ఆ సంఖ్యను మెనూలో చేతితో నమోదు చేయాలి. అది మరచిపోతే కుదుపు తగ్గకపోగా బొమ్మ మరింత చెదిరే ప్రమాదం ఉంది.

పాత ఎస్ఎల్ఆర్ లెన్సుల విషయంలో మరో లెక్క ఉంది. లెన్సు కూర్చునే చోటు నుంచి సెన్సర్ వరకు ఉండే దూరం నికాన్ ఎఫ్ మౌంట్‌కు 46.5, ఒలింపస్ ఓఎం మౌంట్‌కు 46, లైకా ఎం మౌంట్‌కు 27.8, సోనీ ఇ మౌంట్‌కు 18 మిల్లీమీటర్లు. ఆ తేడాను అడాప్టరే పూడ్చాలి. అరచేతిలో ఇమిడిపోయే ఒలింపస్ 50 ఎఫ్/1.8ను సోనీకి తగిలిస్తే 28 మిల్లీమీటర్ల గొట్టం అదనంగా చేరి దాని చిన్నతనమంతా పోతుంది. లైకా మౌంట్ లెన్సుకు మాత్రం 9.8 మిల్లీమీటర్లతో సరిపోతుంది. పైగా చవక అడాప్టర్ ఏమాత్రం వాలుగా ఉన్నా ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, మరో పక్క మసకగా వస్తుంది. 24 మెగాపిక్సెళ్లలో కంటికి ఆనని ఈ వాలు 61లో పట్టుబడుతుంది.

ముఖలింగంలో ఏది లోపం, ఏది కాదు

లెన్సు లోపాలన్నీ అందరికీ సమానంగా అడ్డం రావు. తీసే వస్తువును బట్టి వాటి ప్రాధాన్యం మారుతుంది. మధుకేశ్వరాలయ ద్వారబంధాల మీద అల్లుకున్న లతల చెక్కడాన్ని ఎండపొద్దున తీసినప్పుడు, నీడకూ వెలుగుకూ మధ్య పదునైన అంచులు వందల సంఖ్యలో ఉంటాయి. సాధారణ లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు ఈ అంచుల వెంట, ఫోకస్‌కు ముందున్న చోట ఊదారంగు, వెనుకనున్న చోట ఆకుపచ్చ జాలు కనిపిస్తుంది. వేర్వేరు రంగుల కాంతి వేర్వేరు దూరాల్లో కేంద్రీకృతం కావడం వల్ల కలిగే ఈ లోపాన్ని వర్ణ విపథనం అంటారు. పక్కలకు వచ్చే రంగు జాలును కంప్యూటర్‌లో సులువుగా తుడిచేయవచ్చు, ముందువెనుకల్లో వచ్చేదాన్ని తుడవడం కష్టం. తుడిస్తే రాతి సొంత రంగు కూడా కొంత పోతుంది. మూడు రంగులను ఒకే తలం మీదికి తెచ్చే ప్రత్యేక గాజులతో చేసిన లెన్సులను అపోక్రోమాటిక్, క్లుప్తంగా అపో లెన్సులు అంటారు. రాతి శిల్పానికి, లోహపు పాత్రల మెరుపుకు వీటి విలువ ఎక్కువ.

శ్రీకూర్మం గోడల చిత్రాలకు వచ్చేసరికి సమస్య మారుతుంది. గోడ చదునైనది, లెన్సు స్పష్టంగా చూసే తలం మాత్రం చాలా లెన్సుల్లో కొంచెం వంపు తిరిగి ఉంటుంది. మధ్యలో గీతలు తేరుకుంటే మూలల్లో చెదురుతాయి, మూలలు కుదిరితే మధ్య పోతుంది. మనుషుల్ని తీసేవారికి ఈ వంపు తెలియనే తెలియదు, కుడ్యచిత్రాన్ని భద్రపరచడానికి తీసేవారికి ఇదే మొదటి అనర్హత. ఇలాంటి పనికి చదునైన తలంతో, సమీపంలో బాగా పనిచేసేలా రూపొందించిన మాక్రో లెన్సు తగినది. 2017లో వచ్చిన ఫోక్ట్‌లెండర్ 65 ఎఫ్/2 మాక్రో అపో లాంథార్ అటువంటిదే గానీ 625 గ్రాముల బరువు వల్ల దాన్ని చిన్న లెన్సు అనడం కష్టం.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పాతచిత్రాల మీద ఫ్లాష్ వెలిగించడం మంచిది కాదు. అరసవల్లి వంటి కొలువున్న ఆలయాల గర్భగుడిలో ఫొటోకు అసలు తావే లేదు. అంటే ఇక్కడ చాలా పని చేతిలో కెమెరాతో, ఉన్న వెలుగుతో జరగాల్సిందే. నాభ్యంతరం 50 అయితే సెకనులో యాభయ్యోవంతు షట్టర్ చాలునన్న ఫిల్మ్ కాలపు లెక్క 61 మెగాపిక్సెళ్లకు చెల్లదు. బాడీలో కుదుపు నివారణ లేకపోతే దానికి కనీసం రెండింతల వేగం, అంటే సెకనులో నూరోవంతు కావాలి. ఎఫ్/2 అపర్చర్‌కు గల అసలు ఉపయోగం ఇక్కడే ఉంది.

ఎఫ్/5.6 దాటితే ఏమవుతుంది

రంధ్రాన్ని ఎంత చిన్నది చేస్తే అంత స్పష్టత అన్న నమ్మకం స్టూడియోల్లో ఇప్పటికీ బలంగా ఉంది. చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి అంచుల దగ్గర వంగి పరచుకుంటుంది. దీన్ని వివర్తనం అంటారు. ఈ కారణంగా ఎంత గొప్ప లెన్సైనా ఒక బిందువును బిందువుగా చూపలేదు, చిన్న వృత్తంగానే చూపుతుంది. పచ్చరంగు కాంతికి ఆ వృత్తం వ్యాసం ఎఫ్/5.6 దగ్గర సుమారు 7.5, ఎఫ్/8 దగ్గర 10.7, ఎఫ్/16 దగ్గర 21.5 మైక్రాన్లు. 3.76 మైక్రాన్ల పిక్సెల్ పక్కన పెట్టి చూస్తే, ఎఫ్/5.6 దగ్గర బిందువు రెండు పిక్సెళ్ల వెడల్పు పరచుకుంటోంది. ఎఫ్/16 దగ్గర దాదాపు ఆరు పిక్సెళ్లు. అంటే ఎఫ్/16 పెట్టినవారు కొన్న మెగాపిక్సెళ్లలో అధిక భాగాన్ని వాడకుండానే వదిలేస్తున్నారన్నమాట.

కనుక లెన్సు ఎంపికలో అసలు గీటురాయి ఎఫ్/2.8 నుంచి ఎఫ్/5.6 మధ్య అది మూలల దాకా ఎలా పనిచేస్తుందన్నదే. ఎఫ్/8కు వచ్చేసరికి చవక లెన్సూ ఖరీదైన లెన్సూ చాలావరకు ఒకేలా కనబడతాయి, ఎందుకంటే అక్కడ గీత గీసేది గాజు కాదు, కాంతి స్వభావం. ఎప్పుడూ ఎఫ్/8లోనే తీసేవారు అపో లెన్సుకు పెట్టే డబ్బులో పెద్ద భాగం వృథా. టీటీఆర్టిజాన్, 7ఆర్టిజాన్స్ వంటి చైనా సంస్థల చవక లెన్సులతోనూ వారి పని గడుస్తుంది.

సిరిమాను జనంలో పాత గీతల మోసం

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను కోటకూ గుడికీ మధ్య తిరిగేటప్పుడు, ఆ తొక్కిసలాటలో రింగు తిప్పుతూ ఫోకస్ వెదికే తీరిక ఉండదు. చేతి ఫోకస్ లెన్సు వాడేవారు అలాంటి చోట దూరాన్ని ముందుగానే పెట్టుకుంటారు. 35 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/8 దగ్గర 5 మీటర్లకు పెడితే, ఎంత మేర స్పష్టంగా వస్తుందో సూచించే రింగు మీది పాత గీతల ప్రకారం రెండున్నర మీటర్ల నుంచి దాదాపు కంటి చూపు ఆనినంత మేర స్పష్టంగా రావాలి.

ఆ గీతలు గీసింది ఫిల్మ్ కాలపు ప్రమాణంతో. 0.03 మిల్లీమీటర్ల మసక వృత్తాన్ని కన్ను బిందువుగానే తీసుకుంటుందన్నది అప్పటి ఒప్పందం. చిన్న ప్రింటుకు అది సరిపోయింది. 61 మెగాపిక్సెళ్ల ఫొటోలో 0.03 మిల్లీమీటర్లంటే ఎనిమిది పిక్సెళ్లు. ప్రమాణాన్ని సగానికి, అంటే 0.015కు బిగిస్తే అదే లెన్సు, అదే అపర్చర్, అదే దూరంలో స్పష్టత 3.4 మీటర్ల నుంచి 9.8 మీటర్ల వరకే ఉంటుంది. వెనకనున్న కోట బురుజు మసకే. దీనికి తేలికైన మందు ఒకటుంది: అపర్చర్ ఎఫ్/8 పెట్టి, రింగు మీద ఎఫ్/4 గీతల్ని నమ్మాలి. ప్రమాణం సగమైతే రెండు మెట్లు తగ్గించి చదవడమే లెక్క.

స్థిమితంగా తీసే చోట మాత్రం గీతలతో పనిలేదు. కెమెరా తెరమీద ఫోకస్ అంచులకు రంగు పూసి చూపే పీకింగ్ సౌకర్యం ఉదారంగా వ్యవహరిస్తుంది, సరిగ్గా కుదరని చోటును కూడా కుదిరినట్టే చూపిస్తుంది. బొమ్మను పెద్దది చేసి చూడటమే నమ్మదగ్గ పద్ధతి. కొన్ని లెన్సుల్లో అపర్చర్ మార్చగానే ఫోకస్ తలం వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఏ అపర్చర్‌లో తీయదలచారో అక్కడే ఉంచి ఫోకస్ చేయాలి.

పొందూరు నూలు పెట్టే పరీక్ష

పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, నూరో నంబరు వరకు సన్నని నూలు వడికే పద్ధతి ప్రసిద్ధం. నూరో నంబరు నూలు పోగు మందం మిల్లీమీటరులో పదోవంతు కంటే తక్కువ, సుమారు 0.09. సగం పరిమాణంలో చూపే మాక్రో లెన్సుతో దగ్గరగా తీస్తే సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్ పోగు మీద ఏడున్నర మైక్రాన్లను చూస్తుంది. పోగు అడ్డంగా పన్నెండు పిక్సెళ్లు ఆక్రమిస్తుంది, దాని నుంచి లేచిన ఒంటి పత్తి పీచు రెండు పిక్సెళ్ల పాటి గీతగా కనబడుతుంది. ఆ దూరంలో ఎఫ్/5.6 పెట్టినా స్పష్టమైన లోతు ఒక్క మిల్లీమీటరే. మోటారు ఫోకస్ ఇక్కడ ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. రింగును ఒకచోట ఆపి, కెమెరాను వెంట్రుకవాసి జరుపుతూ తీయడమే తగిన పని.

అదే ఖద్దరు మరోచోట చిక్కు తెస్తుంది. 50 లెన్సుతో రెండు మీటర్ల దూరం నుంచి ఖద్దరు కట్టుకున్న మనిషిని తీసినప్పుడు, ఒక్కో పిక్సెల్ బట్ట మీద 0.15 మిల్లీమీటర్ల మేర చూస్తుంది. నేతలో పోగుకూ పోగుకూ మధ్య దూరం రెండు పిక్సెళ్ల వెడల్పుకు దగ్గరపడితే, బట్ట మీద లేని ఇంద్రధనుస్సు చారలు ఫొటోలో పుట్టుకొస్తాయి; వీటిని మోయిరే అంటారు. చాలా అధిక రిజల్యూషన్ కెమెరాల్లో స్పష్టత కోసం ఈ చారలను ఆపే వడపోతను తీసేశారు. లెన్సు ఎంత పదునైనదైతే చారలు అంత బలంగా వస్తాయన్నది ఇక్కడి విచిత్రం. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే చాలావరకు పోతాయి. కదలడానికి వీలులేకపోతే అపర్చర్‌ను ఎఫ్/11కు మూస్తే వివర్తనమే మందుగా పనిచేస్తుంది. స్పష్టతను కొంత వదులుకోవడం తెలివైన పని అయ్యే సందర్భం ఇదొక్కటే.

ఉప్పుగాలి, ఫంగస్, పాత బీరువాలు

కోస్తా తేమలో లెన్సుకు ప్రధాన శత్రువు ఫంగస్. వానాకాలంలో తోలు సంచిలో మూసిపెట్టిన లెన్సు లోపలి గాజు మీద సాలెగూడు వంటి తీగలు పాకుతాయి. అవి విడుదల చేసే ఆమ్లం గాజు మీది పూతను తినేస్తుంది, ఒకసారి మచ్చ పడ్డాక తుడిచినా గుర్తు పోదు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు ఉంచి, తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపితే సరిపోతుంది. కళింగపట్నం, బారువ తీరాల్లో తీసి వచ్చాక లోహపు రింగుల మీది ఉప్పును కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి. లెన్సును తరచుగా బయటికి తీసి వాడుతూ ఉండటం అన్నిటికంటే మంచి రక్షణ.

నికాన్ ఎఫ్ఎం2, పెంటాక్స్ కే1000 రోజుల లెన్సులు పాత స్టూడియోల బీరువాల్లో ఇంకా దొరుకుతాయి. వాటిని కొట్టిపారేయనక్కర్లేదు, గుడ్డిగా కొననూ కూడదు. వెనుక నుంచి టార్చి వేసి చూస్తే ఫంగస్, పొగమంచు వంటి పొర, అతికించిన గాజులు ఊడి ఏర్పడిన మెరుపు అంచు బయటపడతాయి. అపర్చర్ రేకుల మీద నూనె ఉందేమో, రింగు మొదటి నుంచి చివరి వరకు ఒకే బిగుతుతో తిరుగుతోందో లేదో చూడాలి. ఆపైన అసలు పరీక్ష: దూరాన ఉన్న సెల్ టవర్‌నో లైట్‌హౌస్‌నో ఫొటో నాలుగు మూలల్లో వంతులవారీగా పెట్టి, పూర్తి అపర్చర్‌లో నాలుగు ఫొటోలు తీసి పోల్చాలి. నాలుగు మూలలూ ఒకే పాటి మసకగా ఉంటే అది ఆ నమూనా స్వభావం; ఒక మూల మాత్రమే మసకైతే లోపల గాజు పక్కకు జరిగిందనో అడాప్టర్ వంకరగా ఉందనో అర్థం. మొదటిదానితో సర్దుకోవచ్చు, రెండోదాన్ని తిరిగి ఇచ్చేయాలి.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

మెగాపిక్సెళ్లు రెండున్నర రెట్లు పెరిగినా వివరం అన్ని దిక్కులా రెండున్నర రెట్లు పెరగదు. 24 మెగాపిక్సెళ్ల నుంచి 61కి వెళితే అడ్డంగా పెరిగేది 6,000 నుంచి 9,504 పిక్సెళ్లకు, అంటే ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ మాత్రమే. పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీట్ నిండా ఒకే ఫొటో పరిచినప్పుడు అంగుళానికి 167 పిక్సెళ్ల నుంచి 264 పిక్సెళ్లకు మెరుగవుతుంది. ఒకే షీట్‌లో నాలుగైదు ఫొటోలు కూర్చినప్పుడు తేడా కనబడదు. పైగా కుదించని ఒక్కో రా ఫైలు సుమారు 120 ఎంబీ కాబట్టి, హార్డ్ డిస్కుల ఖర్చు లెన్సు ఖర్చుతో పోటీపడుతుంది. పెళ్లిళ్లు, నాట్యాలు తీసేవారికి, తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు రెక్కవిప్పే క్షణం కోసం కాచుకునేవారికి చేతి ఫోకస్ లెన్సు ఆటంకమే తప్ప ఆసరా కాదు. వారు మోటారు లెన్సులకే డబ్బు పెట్టడం వివేకం.

కదలని వస్తువును నిదానంగా, పెద్ద ప్రింటు కోసం, భావితరాల దస్త్రం కోసం తీసేవారికి మాత్రం తీర్పు స్పష్టంగానే ఉంది. కెమెరా మౌంట్‌కే తయారైన 35 లేదా 50 మిల్లీమీటర్ల ఎఫ్/2 అపో లెన్సు ఒకటి మొదటి కొనుగోలు కావాలి. మండపాలు, ఇరుకు మగ్గపు గదులు తరచుగా తీసేవారు దానికి తోడుగా 21 మిల్లీమీటర్లది ఒకటి చేర్చుకోవచ్చు, ఎఫ్/3.5 చాలు, 230 గ్రాములకు మించదు. కుడ్యచిత్రాలు, నూలు, శాసనాలు వృత్తిగా తీసేవారికి మాక్రో తప్పదు. లక్షల్లో పలికే లైకా లెన్సులు లైకా బాడీ ఉన్నవారికే సార్థకం. సోనీకి తగిలించి మూలలు పోగొట్టుకోవడానికి అంత ఖర్చు దండగ. చేతిలో ఇప్పటికే పాత 50 ఉన్నవారు ముందు దానితోనే ఎఫ్/5.6లో, తెరమీద పెద్దది చేసి ఫోకస్ పెట్టి పది ఫొటోలు తీసి చూసుకోవాలి. అవి చాలనిపిస్తే కొత్తది కొనే అవసరం లేదు, ఆ డబ్బుతో తేమ ఆపే డబ్బా, రెండు హార్డ్ డిస్కులు కొనుక్కోవడం మేలు.